తొండి అని ఎవరూ అరవని ఆట

2024 జూలైలో ఒక శనివారం పొద్దున్నే నేను తొండి చేశాను.

టెక్సస్‌లో జూలై అంటే మనకు రోహిణి కార్తె లెక్క. తొమ్మిదిన్నర దాటితే బయట నిలబడలేం. అందుకని ఆరున్నరకే మొదలుపెడతాం. మేం నలుగురం, అందరం తెలుగువాళ్ళమే, అందరం కంప్యూటర్ల ముందు నడుములు అరగదీసుకుంటున్నవాళ్ళమే. ఊరి మునిసిపల్ గోల్ఫ్ కోర్సులో ఇద్దరొక జట్టుగా తొమ్మిది హోల్స్ ఆడతాం. బాల్‌ను ఎవరు తక్కువ షాట్లలో, అంటే తక్కువ దెబ్బల్లో, హోల్ అనే గుంతలో వేస్తే వాళ్ళదే గెలుపు. ఓడిన జట్టు గెలిచిన జట్టుకు పెసరట్టు ఉప్మా పెట్టించాలి. ఆ రోజు ఏడో హోల్‌లో నా బాల్ పక్కకు పోయి ఒక ఓక్ చెట్టు వేరు వెనక ఆగింది. అక్కణ్ణుంచి కొడితే క్లబ్ (బాల్ కొట్టే కర్ర) వేరుకు తగిలి మణికట్టు పోతుంది. ఒక పెనాల్టీ షాటు రాసుకుని, బాల్ తీసి పక్కన వేసుకోమంటుంది రూలు. మిగతా ముగ్గురూ బండ్లలో గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) వైపు వెళ్ళిపోతున్నారు. నేను ఎండుటాకులు సర్దుతున్నట్టు నటిస్తూ బూటు అంచుతో బాల్‌ను జానెడు జరిపాను. ఎవరూ చూడలేదు. షాటు బ్రహ్మాండంగా కుదిరింది. కార్డు మీద ఐదు రాయించాను. ఒక్క షాటు తేడాతో మా జట్టు గెలిచింది. పెసరట్టు కూడా బాగానే ఉంది, దాన్నెందుకు అనాలి.

చిన్నప్పుడు మా ఊళ్ళో గోళీలాడేటప్పుడు ఇలాంటివి రోజుకు పది జరిగేవి. జాన కొలిచేటప్పుడు వేలు కాస్త సాగదీయడం, గోళీ ఆగిన చోటుకీ మనం చూపించే చోటుకీ మధ్య బెత్తెడు మాయం చేయడం. కానీ అక్కడ చుట్టూ ఐదుగురుండేవాళ్ళు. "తొండి! తొండి!" అని వీధి చివరిదాకా వినబడేట్టు అరిచేవాళ్ళు. మా మేనత్త కొడుకైతే అరవడాలు కూడా లేవు, నేరుగా చొక్కా పట్టుకునేవాడు. మనం ఆడే ఆటలన్నిటిలో ఏర్పాటు ఇదే. తొండి చేసేవాడొకడు, పట్టుకునేవాడింకొకడు. క్రికెట్ కూడా అంతే. బ్యాటుకు బాల్ తగిలిందని ఆడేవాడికి తెలుసు, అయినా అంపైరు వేలెత్తేదాకా ఏమీ ఎరగనట్టు నిలబడతాడు. దాన్ని మనం తప్పుగా కూడా అనుకోం. 2003 ప్రపంచకప్ సెమీఫైనల్లో గిల్‌క్రిస్ట్ తనంతట తాను నడిచి వెళ్ళిపోయిన సంగతి ఇరవై ఏళ్ళు దాటినా ఇంకా చెప్పుకుంటున్నామంటే, అది ఎంత అరుదో తెలుస్తూనే ఉంది.

గోల్ఫ్‌లో ఆ అరిచేవాడు లేడు. వంద ఎకరాలు దాటిన మైదానం. ఎవడి బాల్ వాడి దారిన పోతుంది. ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో రూల్స్ అఫీషియల్స్ ఉంటారు గానీ, వాళ్ళు పిలిస్తే వచ్చేవాళ్ళు, ప్రతి షాటు దగ్గరా కాపలా ఉండేవాళ్ళు కాదు. తొండి చేసేవాడూ, తొండి అని అరవాల్సినవాడూ ఒక్కడే.

గోల్ఫ్ చరిత్ర అనగానే ట్రోఫీల లెక్క చెప్తారు. జాక్ నిక్లాస్‌కు 18 మేజర్లు (మాస్టర్స్, యూఎస్ ఓపెన్ లాంటి అతిపెద్ద టోర్నమెంట్లు), టైగర్ వుడ్స్‌కు 15. 1997లో 21 ఏళ్ళ టైగర్ మాస్టర్స్‌ను 12 షాట్ల తేడాతో గెలవడం. ఇవన్నీ గొప్పవే, కాదనను. కానీ గెలవడమన్నది అన్ని ఆటల్లోనూ ఉంది. ఈ ఆటకే ప్రత్యేకమైన ఘట్టాలు వేరే ఉన్నాయని నా వాదన. తన మీద తానే "తొండి" అని అరిచినవాళ్ళవి. అందులో నన్ను బాగా కదిలించింది మనవాడిదే.

సాహిత్ తీగల. పేరు చూస్తేనే తెలుస్తోంది కదా. తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వెళ్ళినవాళ్ళు. కుర్రాడు 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. 2022లో రెండుసార్లు గెలుపు అంచుదాకా వచ్చి జారిపోయాడు. ఫీనిక్స్‌లో 17వ హోల్ దగ్గర మంచి దెబ్బే కొట్టాడు, బాల్ పక్కకు ఎగిరి నీళ్ళలో పడింది. కనెటికట్‌లో ఆఖరి హోల్‌లో బంకర్‌లో, అంటే ఇసుక గొయ్యిలో, ఇరుక్కుపోయాడు. 2023 సెప్టెంబరులో నాపాలో ఎట్టకేలకు మొదటి పీజీఏ టూర్ (అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల వరస) టైటిల్ గెలిచాడు. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులన్నీ ఊగిపోయాయి. గోల్ఫ్‌లో ఎన్ని హోల్స్ ఉంటాయో తెలియనివాళ్ళు కూడా "మనోడు" అంటూ ఫొటోలు పంపారు.

నేను చెప్పదలుచుకున్నది మాత్రం ఆ గెలుపు గురించి కాదు. 2024 ఆగస్టు 31, టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రోజు, అట్లాంటాలోని ఈస్ట్ లేక్ కోర్సు. ఏడాది పొడవునా బాగా ఆడిన ముప్పై మందికే అందులో చోటు. సాహిత్ బాల్ మూడో హోల్‌లో ఫెయిర్‌వే బంకర్‌లో పడింది. ఇసుక గొయ్యిలో ఉన్నప్పుడు ఒక రూలుంది. కొట్టడానికి క్లబ్‌ను వెనక్కి లాగేటప్పుడు అది ఇసుకకు తగలకూడదు. తగిలితే రెండు షాట్లు పెనాల్టీ. ఎందుకంటే ఇసుక తాకి చూస్తే అది ఎంత గట్టిగా ఉందో తెలిసిపోతుంది, బాల్ వెనకున్న ఇసుకను చదును చేసుకోవచ్చు కూడా.

సాహిత్ కొట్టాడు. కొట్టాక, క్లబ్ వెనక్కి వెళ్ళేటప్పుడు నాలుగు ఇసుక రేణువులు తగిలినట్టు చేతికి అనిపించిందని తనే చెప్పాడు. వీడియోలు తిప్పి తిప్పి చూశారు. తగిలిందని ఖాయంగా చెప్పగలిగేంత స్పష్టంగా వాటిలో ఏమీ లేదు. అతను గట్టిగా చెప్పకపోయి ఉంటే ఆ విషయం అక్కడితో పోయేది. తగిలిందనే తన నమ్మకం, అంతే. రెండు షాట్లు రాసుకున్నాడు.

మర్నాడు టోర్నమెంట్ ముగిసింది. స్కాటీ షెఫ్లర్ మొదటివాడు. కొలిన్ మొరికావా రెండు. సాహిత్ మూడు. మొరికావాకూ సాహిత్‌కూ మధ్య తేడా సరిగ్గా రెండు షాట్లు. రెండో స్థానానికి కోటీ పాతిక లక్షల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షలు. ఆ రెండు షాట్లూ లేకపోతే ఇద్దరూ సమానంగా నిలిచి, రెండు మూడు స్థానాల డబ్బు కలిపి చెరిసగం పంచుకునేవాళ్ళు. అంటే తలా కోటి. ఆ నాలుగు రేణువుల ఖరీదు, కాగితం మీద లెక్క వేస్తే, పాతిక లక్షల డాలర్లు. నేను టీవీ ముందు కూర్చుని ఈ లెక్క వేస్తుంటే మా ఆవిడ "మధ్యలో నీకెందుకు అంత టెన్షన్" అంది. నాకు ఓక్ చెట్టు వేరు గుర్తొచ్చింది. ఆమెకు చెప్పలేదు.

ఈస్ట్ లేక్ అన్న పేరు వినగానే పాత గోల్ఫ్ అభిమానులకు ఇంకొకరు గుర్తొస్తారు. బాబీ జోన్స్. ఆయన చిన్నప్పుడు ఆట నేర్చుకున్నది ఆ కోర్సులోనే, 1948లో జబ్బుచేసి ఆఖరి రౌండ్ ఆడింది కూడా అక్కడే. జోన్స్ ప్రొఫెషనల్ కాదు, వృత్తి లాయరు. కానీ ప్రొఫెషనల్స్‌తో కలిసి ఆడి వాళ్ళను ఓడించేవాడు. 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్ళూ గెలిచి 28 ఏళ్ళకే ఆట మానేశాడు.

1925 యూఎస్ ఓపెన్, మసాచుసెట్స్‌లోని వూస్టర్. మొదటి రౌండ్, 11వ హోల్. గ్రీన్ పక్కన పెరిగిన గడ్డిలో బాల్ ఉంది. కొట్టడానికి క్లబ్ పెట్టగానే బాల్ వెంట్రుకవాసి కదిలింది. తోడు ఆడుతున్న వాల్టర్ హేగన్ చూడలేదు. అఫీషియల్స్ చూడలేదు. మేమెవరం చూడలేదు కదా, మీరే ఆలోచించుకోండి అన్నట్టు వాళ్ళు నచ్చజెప్పబోయారు. జోన్స్ ఒప్పుకోలేదు. ఒక షాటు కలిపించుకున్నాడు. 76 కావలసిన స్కోరు 77 అయింది. నాలుగు రౌండ్లయ్యేసరికి విల్లీ మెక్‌ఫార్లేన్‌తో సమానం. విజేతను తేల్చడానికి 18 హోల్స్ ప్లేఆఫ్ ఆడితే మళ్ళీ సమానం. ఇంకో 18 ఆడితే ఒక్క షాటు తేడాతో జోన్స్ ఓడిపోయాడు. ఆ ఒక్క షాటు ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. మెచ్చుకోబోయినవాళ్ళతో ఆయన అన్నమాట ఏమిటంటే, బ్యాంకు దోచుకోనందుకు మనిషిని మెచ్చుకుంటారా అని.

ఆ మాట నాకు మొదట్లో తెగ నచ్చింది. ఇప్పుడు అంతగా నచ్చడం లేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

మా గ్రూపులోనే ఒకడు వాదిస్తాడు. "ఇప్పుడు ప్రతి షాటుకూ పది కెమెరాలున్నాయి. ఒప్పుకోకపోతే దొరికిపోతారు. అందుకని ముందే ఒప్పుకుంటారు, అందులో నీతి ఏముంది" అని. సాహిత్ సంగతిలో కెమెరాకు ఏమీ దొరకలేదని చెప్పినా వినడు. సరే, కెమెరా ఈ ఆటకు ఏం చేసిందో చూద్దాం.

1987లో శాండియాగోలో క్రెయిగ్ స్టాడ్లర్ బాల్ ఒక చెట్టు కింద పడింది. మోకాళ్ళ మీద కూర్చుంటే తప్ప కొట్టలేడు. నేల తడిగా ఉంది. ప్యాంటు పాడవుతుందని టవల్ పరుచుకుని కూర్చుని కొట్టాడు. మర్నాడు టీవీలో ఆ ముక్క మళ్ళీ వేశారు. ఇళ్ళల్లో కూర్చున్నవాళ్ళు ఫోన్లు చేశారు, నిలబడే చోటును అలా తయారుచేసుకోవడం రూలుకు విరుద్ధం అని. నిజమే, రూలు పుస్తకంలో ఉంది. పెనాల్టీ కలపకుండా కార్డు మీద సంతకం పెట్టేశాడు కాబట్టి పోటీ నుంచే తీసేశారు. రెండో స్థానంలో నిలిచినవాడికి 37,333 డాలర్లు పోయాయి. ఒక టవల్‌కు. 1995లో ఆ చెట్టుకు తెగులు పట్టి కొట్టేయాల్సి వచ్చినప్పుడు స్టాడ్లర్‌ను పిలిచి రంపం చేతికిచ్చారు. గోల్ఫ్ వాళ్ళకు ఈ మాత్రం హాస్యం ఉన్నందుకు సంతోషం.

2017లో లెక్సీ థాంప్సన్‌కు జరిగింది మాత్రం హాస్యం కాదు. కాలిఫోర్నియాలో ఆడవాళ్ళ మేజర్ టోర్నమెంట్. ఆదివారం ఆఖరి రౌండ్‌లో ఆధిక్యంలో ఉంది. 12వ హోల్ అయ్యాక అఫీషియల్ వచ్చి, నీకు నాలుగు షాట్లు పెనాల్టీ అన్నారు. ముందురోజు 17వ గ్రీన్ మీద అడుగు దూరం పట్‌కు (గ్రీన్ మీద బాల్‌ను గుంతలోకి దొర్లించే షాటుకు) బాల్ తీసి మళ్ళీ పెట్టేటప్పుడు వేలెడంత పక్కన పెట్టిందట. ఇంట్లో టీవీ చూస్తున్న ఎవరో ఈమెయిల్ పంపారు. తప్పుచోట పెట్టినందుకు రెండు, అది కలపకుండా శనివారం కార్డు మీద సంతకం పెట్టినందుకు ఇంకో రెండు. ఏడుస్తూనే ఆడింది. ఆఖరి హోల్‌లో బర్డీ (ఆ హోల్‌కు ఉన్న లెక్కకన్నా ఒక షాటు తక్కువ) కొట్టి ప్లేఆఫ్‌దాకా లాక్కొచ్చి, కొరియా అమ్మాయి రియూ సో యోన్ చేతిలో ఓడిపోయింది. జనం ఎంత మండిపడ్డారంటే, 2018 జనవరి నుంచి టీవీ చూసేవాళ్ళ ఫిర్యాదులు తీసుకోవడమే మానేశారు.

కెమెరా వల్ల మనుషులు నిజాయితీపరులయ్యారనడానికి ఇందులో ఒక్క ముక్కైనా ఉందా? కెమెరా చేసిందల్లా మా మేనత్త కొడుకు పని, అదీ ఒక రోజు ఆలస్యంగా, సోఫాలో కూర్చుని. చూపు కెమెరాకు ఉంటుంది గానీ, చేతికి ఇసుక తగిలిన స్పర్శ ఉండదు. దానికి సాక్షి ఒక్కడే.

డబ్బున్నవాళ్ళు కాబట్టి నిజాయితీ చెల్లుతుందనేది ఇంకో వాదన. దానికి బ్రయన్ డేవిస్ చాలు. ఇంగ్లండ్ ఆటగాడు. 2010 ఏప్రిల్‌లో సౌత్ కెరొలైనాలో జిమ్ ఫ్యూరిక్‌తో ప్లేఆఫ్ ఆడుతున్నాడు. అప్పటికి పీజీఏ టూర్‌లో ఒక్క టైటిల్ కూడా గెలవనివాడు. గ్రీన్ పక్కన ఇసుకలో కొడుతుంటే వెనక్కి లాగిన క్లబ్ ఒక ఎండిపోయిన రెల్లుపుల్లకు తగిలిందేమోనని అనుమానం. తనే అఫీషియల్‌ను పిలిచాడు. స్లో మోషన్‌లో చూస్తే నిజమే, పుల్ల కొస కదిలింది. రెండు షాట్లు, ఆట అయిపోయింది. మొదటి బహుమతికీ రెండో దానికీ తేడా నాలుగు లక్షల డాలర్ల పైనే. ఆ తర్వాత కూడా అతను పీజీఏ టూర్‌లో ఎన్నడూ గెలవలేదు. నేను ఓక్ చెట్టు దగ్గర కాపాడుకున్నది ఒక పెసరట్టు.

తొండి చేసినవాళ్ళు లేరని అనడం లేదు. 1985లో బ్రిటిష్ ఓపెన్ క్వాలిఫయింగ్‌లో ఒక స్కాట్లాండ్ ప్రొఫెషనల్ గ్రీన్ల మీద బాల్ ఉన్న చోటుకు గుర్తుగా పెట్టే మార్కర్‌ను హోల్ వైపు జరుపుతూ పోయి తోటి ఆటగాళ్ళకే దొరికాడు. 20 ఏళ్ళు నిషేధం, 20,000 పౌండ్లు జరిమానా. హత్యలకు కూడా ఇంత శిక్ష పడని దేశాలున్నాయి. కానీ ఆ శిక్ష చూస్తే ఈ ఆట దేనికి భయపడుతుందో అర్థమవుతుంది. ఆటగాడి మాట మీద నమ్మకం పోతే ఇక ఆటంటూ మిగలదు.

రాబర్టో డి విసెంజో కథ చెప్పకుండా వెళ్ళలేను. అర్జెంటీనావాడు. 1968 ఏప్రిల్ 14, మాస్టర్స్ ఆఖరి రోజు, ఆయన 45వ పుట్టినరోజు. మొదటి హోల్‌లో రెండో షాటే నేరుగా కప్పులో, అంటే గుంతలో, పడింది. జనం హ్యాపీ బర్త్‌డే పాడారు. రోజంతా అలాగే ఆడాడు. 17వ హోల్‌లో బర్డీ కొట్టాడు, అంటే మూడు షాట్లు. అందరూ చూశారు, టీవీలో వచ్చింది. 18వ హోల్‌లో ఒక షాటు పోగొట్టుకున్నాడు. ఆ చిరాకులో స్కోర్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు.

గోల్ఫ్‌లో నీ కార్డు నువ్వు రాసుకోవు, తోటి ఆటగాడు రాస్తాడు. నువ్వు సరిచూసుకుని సంతకం పెట్టాలి. కార్డు రాసింది టామీ ఆరన్. 17వ గడిలో మూడుకు బదులు నాలుగు వేశాడు. డి విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. నిజంగా ఆడింది 65, కార్డు మీద 66. ఉన్నదానికన్నా తక్కువ రాసి సంతకం పెడితే పోటీ నుంచి తీసేస్తారు, ఎక్కువ రాసి పెడితే ఆ ఎక్కువే ఖాయం. ఆ ఒక్క అంకెతో బాబ్ గోల్బీతో సమానంగా ఉండాల్సినవాడు ఒక్క షాటు వెనకబడ్డాడు. మర్నాడు జరగాల్సిన ప్లేఆఫ్ లేదు. మంచానపడ్డ బాబీ జోన్స్ దగ్గరికి వెళ్ళి ఏదైనా దారుందా అని అడిగారు. ఆయన సృష్టించిన టోర్నమెంటే కదా. దారి లేదు.

డి విసెంజో ఆరన్‌ను ఒక్క మాట అనలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో తనను తానే తిట్టుకున్నాడు, నేనెంత మూర్ఖుణ్ణి అని. ఆ మాట గోల్ఫ్ చరిత్రలో నిలిచిపోయింది. పాపం గోల్బీకి కూడా అన్యాయమే జరిగింది. తప్పేమీ చేయకుండా గెలిచి, ఎవరిదో కప్పు ఎత్తుకుపోయినవాడిలా బతికాడు. ఆరన్‌ సంగతి మాత్రం చిత్రం. 1973లో అదే మాస్టర్స్ గెలిచాడు. ఆఖరి రోజు తన కార్డులో తోటివాడు వేసిన తప్పు అంకెను సంతకానికి ముందే పట్టుకున్నాడు. ఐదేళ్ళు ప్రతి గడీ వేలు పెట్టి చూసుకుని ఉంటాడు.

ఇలాంటివన్నీ చెప్పి చివర్లో అందరూ ఒక మాట అంటారు, గోల్ఫ్ పెద్దమనుషుల ఆట అని. నా గొడవంతా అక్కడే.

పెద్దమనిషి అన్న మాటలోనే ఒక తిరకాసుంది. మన ఊళ్ళల్లో పెద్దమనుషులంటే పంచాయితీ చెప్పేవాళ్ళు. అందరి తొండీ వాళ్ళు తేలుస్తారు. వాళ్ళ తొండి తేల్చేవాడు ఉండడు. అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం పీజీఏ నియమావళిలో 1934 నుంచి ఒక నిబంధన ఉండేది, తెల్లజాతి వాళ్ళకే సభ్యత్వం అని. బాల్ వెంట్రుకవాసి కదిలితే నిద్రపట్టని మనుషులు ఆ వాక్యాన్ని పుస్తకంలో పెట్టుకుని 27 ఏళ్ళు హాయిగా నిద్రపోయారు. 1961లో తీసేశారు. అదీ వాళ్ళకై వాళ్ళు కాదు, కాలిఫోర్నియా అటార్నీ జనరల్ మా రాష్ట్రంలో మీ టోర్నమెంట్లు జరగనివ్వను అని మెడ మీద కూర్చుంటే.

ఆ సంఘం హెడ్డాఫీసు 2022లో మా ఫ్రిస్కోకే మారింది. ఇంటి నుంచి పదిహేను నిమిషాలు. ఈ ఊళ్ళో ఏ వీధిలోకి వెళ్ళినా తెలుగు వినబడుతుంది. ఆ గేటు ముందు నుంచి కారులో వెళ్ళినప్పుడల్లా చార్లీ సిఫర్డ్ గుర్తొస్తాడు.

సిఫర్డ్ నార్త్ కెరొలైనాలో క్యాడీగా మొదలుపెట్టాడు. (క్యాడీ అంటే ఆటగాడి సంచి మోసేవాడు, మన పోలీసు స్టేషన్ల కేడీ కాదు. అయితే ఆ రోజుల్లో తెల్లవాళ్ళ కోర్సుల్లో నల్లవాడికి జరిగిన మర్యాదకు ఆ రెండో అర్థమే సరిపోతుంది.) 1952 ఫీనిక్స్ ఓపెన్‌లో నల్లవాళ్ళకు ఆడే అవకాశం ఇచ్చారు. మొదటి గ్రీన్ దగ్గరికి వెళ్ళి చూస్తే, కప్పులో మనిషి మలం ఉంది. శుభ్రం చేసి కప్పు మార్చేదాకా నిలబడి, ఆడాడు. 1961లో నిబంధన పోయేనాటికి ఆయనకు 39 ఏళ్ళు. ఆటగాడి మంచి వయసంతా గేటు బయటే అయిపోయింది. 1967లో హార్ట్‌ఫర్డ్‌లో, 1969లో లాస్ ఏంజెలెస్‌లో గెలిచాడు. అయినా మాస్టర్స్ నుంచి పిలుపు రాలేదు, ఎన్నడూ రాలేదు.

మాస్టర్స్ ఎవరిది? బాబీ జోన్స్‌ది. ఆగస్టా నేషనల్ క్లబ్బు ఆయన కట్టిందే. అక్కడ 1982 దాకా క్యాడీలందరూ నల్లవాళ్ళే, మొదటి నల్లజాతి సభ్యుడు మాత్రం 1990లో, మొదటి మహిళా సభ్యులు 2012లో. 1975లో లీ ఎల్డర్ అక్కడ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడైనప్పుడు, చంపుతామన్న బెదిరింపులకు ఊళ్ళో రెండు ఇళ్ళు అద్దెకు తీసుకుని మారుతూ పడుకున్నాడు. అందుకే బ్యాంకు దోచుకోనందుకు మెచ్చుకుంటారా అన్న మాట నాకిప్పుడు అంత రుచించడం లేదు. జోన్స్ బాల్ విషయంలో నిజాయితీపరుడు, అందులో సందేహం లేదు. అయితే ఆ నిజాయితీ ఆయనది. క్లబ్బుది కాదు, వర్గానిది కాదు, ఆటది కూడా కాదు. ఒక మనిషి తన చేతికి తెలిసినదాన్ని ఒప్పుకోవడం వేరు, పదిమంది కలిసి గేటు వేసుకోవడం వేరు. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కప్పేయడానికి "పెద్దమనుషుల ఆట" అన్న దుప్పటి బాగా పనికొచ్చింది.

దక్షిణాఫ్రికాలో ఇదే కథ ఇంకా పచ్చిగా జరిగింది. డర్బన్‌లో పాప్‌వా సెవ్‌గోలమ్ అని భారత సంతతి క్యాడీ ఉండేవాడు. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు ఓడలెక్కిన కూలీల సంతతి, ఆ ఓడల్లో మన తెలుగువాళ్ళూ వెళ్ళారు. ఆట ఎవరూ నేర్పలేదు. క్లబ్‌ను అందరూ పట్టుకునేదానికి తలకిందులుగా, ఎడమ చెయ్యి కిందకు వచ్చేలా పట్టుకునేవాడు. అలాగే డచ్ ఓపెన్ మూడుసార్లు గెలిచాడు. 1963లో తెల్లవాళ్ళ మధ్య నాటాల్ ఓపెన్ గెలిస్తే, క్లబ్‌హౌస్ లోపలికి రానివ్వకూడదు కాబట్టి ట్రోఫీ బయట, వానలో చేతికిచ్చారు. తెల్లవాళ్ళు లోపల పొడిగా ఉన్నారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. 1965లో గ్యారీ ప్లేయర్‌ను ఓడించి మళ్ళీ గెలిచాడు. ఆ తర్వాత పోటీలకు రానివ్వలేదు, పాస్‌పోర్టు లాక్కున్నారు. ఈ ఆటలో జరిగిన అతిపెద్ద తొండి ఇదే. కార్డు మీద రెండు షాట్లు కలుపుతాం అని ఎవరూ అరవలేదు.

నిక్లాస్ అభిమానులు ఇక్కడ అమెరికా, బ్రిటన్ జట్ల మధ్య జరిగిన 1969 రైడర్ కప్ గుర్తుచేస్తారు. ఆఖరి మ్యాచ్, ఆఖరి హోల్, టోనీ జాక్లిన్‌కు రెండు మూడడుగుల పట్ మిగిలింది. తప్పితే బ్రిటన్ ఓడిపోతుంది. నిక్లాస్ వెళ్ళి అతని మార్కర్ తీసి చేతిలో పెట్టాడు, నువ్వు కొట్టక్కర్లేదు అని. 16-16, కప్ చరిత్రలో మొదటి టై. అందమైన దృశ్యమే. కానీ అది ఔదార్యం. వేలమంది చూస్తుండగా, రూలు ఇచ్చిన హక్కుతో చేసినది. అమెరికా కెప్టెన్ శామ్ స్నీడ్‌కు నచ్చలేదు గానీ, ప్రపంచానికి నచ్చింది. నా లెక్కలో ఈస్ట్ లేక్ ఇసుక దీనికంటే ఓ మెట్టు పైన. అక్కడ చప్పట్లు కొట్టడానికి చూడగలిగింది ఏమీ లేదు.

అక్టోబరులో మళ్ళీ మా నలుగురం ఆడుతున్నాం. ఎండ తగ్గింది. నాలుగో హోల్‌లో నా బాల్ బంకర్‌లో పడింది. క్లబ్ వెనక్కి లాగుతుంటే సర్రున ఇసుక గీసుకుంది. ఈసారి అనుమానమేం లేదు, చప్పుడు కూడా వినబడింది, కనీసం నాకు. హోల్ అయ్యాక మా జట్టులో చిన్నవాడు, కార్డు రాసేది వాడే, పెన్సిల్ పట్టుకుని అడిగాడు.

"ఐదేనా అన్నా?"

"ఏడు. బంకర్‌లో ఇసుక తగిలింది."

వాడు నా వంక చూశాడు. "మనమేమన్నా పీజీఏ ఆడుతున్నామా?"

"రాయరా."

రాశాడు. బండి ఎక్కాక, రోడ్డు మీద చూపు తిప్పకుండా అన్నాడు. "జూలైలో ఏడో హోల్ కూడా దిద్దమంటావా? ఆ వేరు దగ్గరది."

నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. "నువ్వు చూశావా?"

"బండి అద్దంలో కనబడింది."

"మరి అప్పుడే అనొచ్చు కదా."

"పెద్దవాడివి, ఎట్లా అంటాం అన్నా."

ఆ రోజు ఓడిపోయాం. పెసరట్లు నలుగురికీ నేనే చెప్పాను. వాడు రెండు తిన్నాడు.